మూసీ అవతల మా నాన్న పేరు

నందిగామ నుంచి కోదాడ ఎంత దూరం? బస్సు మొరాయించకపోతే పొద్దున బయల్దేరి భోజనం వేళకు చేరొచ్చు. మా ఊళ్ళో బెజవాడ వందసార్లు చూసినవాళ్ళున్నారు, మద్రాసు చూసినవాళ్ళు నలుగురున్నారు, కాశీకి పోయివచ్చినవాళ్ళూ ఇద్దరున్నారు. కోదాడ దాటి వెళ్ళినవాడు మాత్రం ఒక్కడూ లేడు. "అదంతా నైజాం" అని చేత్తో పడమటివైపు చూపించి ఊరుకుంటారు. మొన్నటిదాకా నేనూ అంతే. పోలీసు చర్య జరిగిన మరుసటి ఎండాకాలం, బడికి సెలవులివ్వగానే అటు బయల్దేరి, పదకొండు రోజులకు తిరిగొచ్చాను. వచ్చినప్పటి నుంచి అందరూ ఎలా ఉందని అడుగుతున్నారు. బాగుందని చెప్పి తప్పించుకుంటున్నాను. బాగుండటం మాట అటుంచి, చూసింది ఇప్పటికీ నాకు మింగుడు పడటం లేదు.

నేను దేశం చూడ్డానికి పోలేదు. మా నాన్న ముత్తయ్య మా ఊళ్ళో ముప్పై ఏళ్ళు కౌలు సేద్యం చేసి నిరుడు పోయాడు. సంవత్సరీకం రోజు పురోహితుడు మూడు తరాల పేర్లు అడిగాడు. నాన్న పేరు చెప్పాను. "తాతగారి పేరు?" అన్నాడు. నేను అమ్మ వైపు చూశాను. అమ్మ నా వైపు చూసింది. నాన్న తన పుట్టిన ఊరి సంగతి ఏనాడూ ఎత్తలేదు. అడిగితే కోపం, మళ్ళీ అడిగితే చెయ్యి లేచేది. "తెలియకపోతే దేవుడి పేరు చెప్పుకోండి, తప్పు లేదు" అన్నాడు పురోహితుడు. వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. ఊరి పిల్లలందరికీ అక్షరాలు నేర్పే పంతులికి తాత పేరు తెలియదు. ఆ రోజు నాకు అన్నం సయించలేదు.

"ఆ పేరేదో కనుక్కురా నాయనా. నేను పోయేలోగా మా మామగారి పేరు ఒక్కసారి వింటాను" అంది అమ్మ. మా చేతిలో ఉన్న ఆధారం ఒక్కటే. పోయేముందు జ్వరంలో నాన్న ఒక ఊరి పేరు రెండుసార్లు పలికి, మూసీ దాటాలని చెప్పాడు.

ఆవకాయ జాడీ

కోదాడ ఇవతల రోడ్డుకు అడ్డంగా ఒక వాసం. అదే కరోడ్‌గిరి నాకా, అంటే సరిహద్దు దాటే సరుకుకు సుంకం వసూలు చేసే చోటు. నైజాం ఏలుబడి పోయింది గానీ నాకా పోలేదు. పైగా ఇప్పుడు తుపాకులు పట్టుకున్న సిపాయిలు కూడా కాపలా. అందరినీ బస్సు దింపి మూటలు విప్పించారు. నా సంచిలో రెండు చొక్కాలు, రెండు పంచెలు, అమ్మ పెట్టిన ఆవకాయ జాడీ. జాడీ బరువు చూసి సిపాయికి అనుమానం వచ్చింది. వాసెనగుడ్డ విప్పి, ఎక్కడి నుంచో ఒక ఇనుప చువ్వ తెచ్చి, తూటాలు దాచానేమోనని అడుగుదాకా పొడిచాడు. నా పై ప్రాణాలు పైనే పోయాయి. తూటాలుండి కాదు, తడిచువ్వ తగిలితే ఏడాది ఊరగాయ బూజు పడుతుందని.

చువ్వ బయటికి తీసి, దానికంటిన పిండి వేలితో తీసి నాకాడు. ఒక్క క్షణం కళ్ళు మూసుకున్నాడు. తన భాషలో ఏదో అన్నాడు. పక్కనున్న నాకా గుమాస్తా నవ్వి, "రొట్టెలోకి జర ఆకులో పెట్టిమ్మంటున్నాడండీ. ఇయ్యకపోతే పొద్దుగూకేదాకా మిమ్మల్ని ఈడనే కూసోబెడతాడు" అన్నాడు. రెండు ఆకుల నిండా పెట్టించుకుని వదిలారు.

నా దగ్గర మా ఊరి మునసబు రాసిచ్చిన చీటీ ఉంది. దారిలో ఎవరైనా ఆపితే చూపించుకోవడానికి. "ఇతడు మా గ్రామ బడిపంతులు, కీర్తిశేషుడు ముత్తయ్య కుమారుడు. సదరు ముత్తయ్య నైజాం ఇలాకా ఫలానా గ్రామం నుంచి వలస వచ్చి ఇక్కడ కౌలు సేద్యం చేసి నిరుడు గతించినాడు. ఇతనికి ఏ గొడవలతోనూ సంబంధం లేదు" అని. కింద సంతకం, ముద్ర. గుమాస్తాకు అది చదివి వినిపించినప్పుడు నాకు నిజంగా గర్వంగా అనిపించింది. మేమూ ఒక చోటి నుంచి వచ్చినవాళ్ళమే కదా అని.

కోదాడలో ఒక ముసలామె పూటకూళ్ళింట్లో భోంచేశాను. అన్నం, గోంగూర పప్పు, పలచటి మజ్జిగ. మాట సగం మా వైపుదే. డబ్బులిస్తే తిప్పి తిప్పి చూసింది. అక్కడ ఇంకా రెండు రకాల రూపాయలు నడుస్తున్నాయి. మనది కల్దారు, వాళ్ళది హాలీ. మన ఆరుకు వాళ్ళవి ఏడు. "అటేపు పోతున్నారా? అయితే ఈ తెల్లబట్టలు కట్టుకుని పోమాకండి బాబూ" అంది. ఎందుకని అడిగాను. "తెల్లబట్టలోళ్ళని చూస్తే దొర తాలూకనుకుంటారు. అడవిలో దాక్కున్న కమ్యూనిస్టులూ అట్టాగే అనుకుంటారు" అంది. నా దగ్గర ఉన్నవన్నీ తెల్లబట్టలే.

సూర్యాపేటలో నా నోరు

సూర్యాపేటలో సంత చూశాను. మిరపకాయలు, వేరుసెనగ, గొంగళ్ళు, మేకలు, వీటి మధ్య ప్రతి మలుపులో ఒక సిపాయి. జనం బేరాలాడుతున్నారు గానీ గొంతు పెంచి ఆడటం లేదు. మా వైపు సంతలో ఇద్దరు మాట్లాడుకుంటే ఊరంతా వినిపిస్తుంది. ఇక్కడ తక్కెడ పళ్ళేల చప్పుడు కూడా వినిపించింది.

ఆ పూట నాకు దొరికింది జొన్నగటక, పచ్చిపులుసు. గటకంటే జొన్నరవ్వను ముద్దగా ఉడికించింది. వరి తిని పెరిగిన కడుపు నాది. మొదటి ముద్ద గొంతులో అడ్డం పడింది. పచ్చిపులుసులో ఉల్లిపాయ, పచ్చిమిరపకాయ నలిపి వేశారు, అది పోసుకుంటే దిగింది. రెండోసారి అడిగి పెట్టించుకున్నాను. సాయంత్రానికి కడుపు ఉబ్బి మూలుగుతూ పడుకున్నాననుకోండి, అది గటక తప్పు కాదు, రెండోసారి అడిగినవాడి తప్పు.

ఇక్కడే నేను చేయకూడని పని చేశాను. చాయ్ హోటల్లో కూర్చుని, పక్కన కూర్చున్నవాడికల్లా చీటీ తీసి చదివి వినిపించడం మొదలుపెట్టాను. పంతుళ్ళకు నలుగురు వింటున్నారంటే పూనకం వస్తుంది. మా నాన్న ఈ ప్రాంతం వాడేనని, కృష్ణా జిల్లాకొచ్చి కష్టపడి నన్ను చదివించాడని, నిరుడే పోయాడని, తాత పేరు కోసం వచ్చానని అన్నీ చెప్పాను. నల్లకోటు వేసుకున్న ఒకాయన చాలా శ్రద్ధగా విన్నాడు. చీటీ చేతిలోకి తీసుకుని రెండుసార్లు చదివాడు. "ఏ ఊరన్నరు?" అని మళ్ళీ అడిగి, నా చాయ్‌కి కూడా తనే డబ్బులిచ్చి వెళ్ళిపోయాడు. ఎంత మర్యాదస్తులో అనుకున్నాను.

బండి కిరాయికి మాట్లాడుకున్నాను. బండివాడి పేరు సైదులు, నలభై ఏళ్ళ మనిషి. అతను ఆ హోటలు బయటే కూర్చుని అంతా విన్నాడట.

"పంతులూ, గీ పేరుతోని రెండూళ్ళున్నయ్. ఒకటి మూసీ దాటంగనే, వేములపల్లి దిక్కు. ఇంకోటి ఆడికెల్లి ముంగటికి, హాలియా కాడ. మీది ఏది?"

"మూసీ దాటాలని మా నాన్న చెప్పాడయ్యా. అంటే మొదటిదే అయ్యుంటుంది."

"అయితే ఎక్కుండ్రి. ఇగ గా కాయిదం జర లోపట వెట్టుండ్రి. కనవడ్డోనికల్ల సదివి ఇనిపిస్తున్నరు. దినాలు మంచిగ లేవు."

బండివాడు నాకు బుద్ధి చెప్పడమేమిటని కొంచెం ముఖం ముడుచుకున్నాను.

ఇసుకలో బండి

మూసీలో నీళ్ళు లేవు. ఇసుకలో దోసపాదులు పెట్టుకున్నారు. బండి చక్రాలు కూరుకుపోతే దిగి నేనూ తోశాను, చెప్పు తెగింది. పాదుల దగ్గర ఒక ముసలాయన ఉన్నాడు. నన్ను చూడగానే తలగుడ్డ తీసి నడుముకు కట్టుకుని, చెప్పులు విడిచి చంకలో పెట్టుకుని, వంగి నిలబడ్డాడు. ఎండకు ఇసుక కాలిపోతోంది. "చెప్పులు వేసుకో తాతా, కాళ్ళు కాలతాయి" అన్నాను. ఆయన ఇంకా వంగాడు. "నేను బడిపంతుల్నయ్యా!" అని అరిచాను. ప్రయోజనం లేదు. దోసకాయలు కొంటే డబ్బులు కూడా చేతిలోకి తీసుకోలేదు. ఇసుక మీద పెట్టమన్నాడు.

"తెల్లంగి తెల్లంగే పంతులూ. దానికింద ఎవలున్నరో ఆయన సూడడు" అన్నాడు సైదులు.

మా వైపు కౌలురైతు భూస్వామి అరుగు మీద కూర్చుని బేరమాడతాడు. కుదరకపోతే కండువా దులుపుకుని లేచిపోతాడు. పంట పోయిన ఏడు మా నాన్న ఆసామితో పోట్లాడి పాలు తగ్గించుకోవడం నేను కళ్ళారా చూశాను. ఈ ముసలాయన్ని చూస్తుంటే నాకు ముందు జాలి కలిగింది, తరువాత ఒళ్ళు మండింది. దారిలో రెండు పల్లెల్లో కప్పుల్లేని ఇళ్ళు కనిపించాయి. గోడలకు మసి. ఎవరు కాల్చారని అడిగాను. "ఒకసారి వాళ్ళు, ఒకసారి వీళ్ళు" అని ఎద్దుల్ని అదిలించాడు సైదులు.

పుస్తకంలో మా నాన్న

ఊరి పేరు రాయను. పట్వారి, అంటే మన కరణం లాంటివాడు, ఊరి మొదట్లోనే ఎదురొచ్చాడు. "రాండ్రి రాండ్రి పంతులుగారూ! మీరొస్తున్నరని మా బామ్మర్ది సూర్యాపేటకెల్లి కబురంపిండు" అన్నాడు. నా చాయ్‌కి డబ్బులిచ్చిన నల్లకోటు ఈయన బావమరిదన్నమాట. కుర్చీ వేయించాడు, పంచదార వేసిన మజ్జిగ ఇప్పించాడు. నా చీటీ తీసుకుని అక్షరం పొల్లుపోకుండా నకలు రాసుకున్నాడు. అంత గౌరవం నాకు మా బళ్ళ ఇన్‌స్పెక్టరు దగ్గర కూడా జరగలేదు. నేను పొంగిపోయి, నాన్న మూసీ దాటాలన్న సంగతి కూడా చెప్పేశాను.

తరువాత లోపలి నుంచి ఒక పెద్ద పుస్తకం తెచ్చాడు. పహాణీ. ఏ పొలం ఎవరు దున్నుతున్నారో ఏటా రాసే లెక్క అది. వేలితో ఒక వరస చూపించి చదివాడు. "ముత్తయ్య, వల్ద్ లచ్చయ్య." వల్ద్ అంటే ఫలానావాడి కొడుకు అని అర్థం.

లచ్చయ్య. మా తాత పేరు లచ్చయ్య. కుర్చీలోనే ఏడ్చేశాను. ఇరవై ఎనిమిదేళ్ళ మగాణ్ణి, పరాయి ఊళ్ళో, పరాయివాళ్ళ ముందు. కళ్ళు తుడుచుకుని మళ్ళీ ఆ పేజీ వైపు చూశాను. ఏదో తేడాగా అనిపించింది.

"ఇది ఎప్పటిదండీ?"

"ఈ యేడాదిదే."

చచ్చిపోయి ఏడాది దాటిన మా నాన్న మొన్న వానాకాలం మూడెకరాలు వరి వేసినట్టుంది అందులో. నా ముఖం చూసి పట్వారి నవ్వాడు. గుమ్మం వైపు తిరిగి, "ముత్తయ్యను పిల్వుండ్రి" అని కేకేశాడు.

యాభై ఏళ్ళ మనిషి వచ్చాడు. మోకాళ్ళ పైకి కట్టిన గోచి, భుజం మీద గొంగడి. "బాంచన్ దొరా" అని వాకిట్లోనే ఆగిపోయాడు.

"నీ పేరేందిరా?"

"ముత్తయ్య, దొరా."

"అయ్య పేరు?"

"లచ్చయ్య."

ఎండలో వచ్చి మతి పోయిందేమో అనుకున్నాను.

"సూసిండ్రా పంతులుగారూ? మీ నాయన సచ్చిండని మీరు కాయిదం తెచ్చిండ్రు. మీ నాయనేమో నా ముంగట నిలవడ్డడు" అని పట్వారి మళ్ళీ నవ్వాడు. తరువాత నెమ్మదిగా అసలు సంగతి చెప్పాడు. పొలం దొరది. గొడవల్లో దొర పట్నం పారిపోయి, సైన్యం వచ్చాక తిరిగొచ్చాడు. ఇప్పుడు ప్రభుత్వం వాళ్ళు కౌలుదార్ల పేర్లు విచారిస్తున్నారు. ఆరేళ్ళు ఎడతెగకుండా దున్నినవాణ్ని ఇక తీసెయ్యడానికి లేదట. పుస్తకం ప్రకారం ముత్తయ్య ముప్పై ఏళ్ళకు పైగా దున్నుతున్నాడు. కానీ ముత్తయ్య నందిగామ దగ్గర చచ్చిపోయాడని రుజువైతే? "అప్పుడు గీనికి హక్కెక్కడిది? గీడు ముత్తయ్యే గాదాయె, గీని అసలు పేరు పుస్తకంలనే లేదాయె. ఎల్లుండి మిర్యాలగూడల విచారణుంది. మీరొచ్చి గీ కాయిదంల ఉన్న ముచ్చట ఒక్కటి చెప్పుండ్రి, సాలు."

"చెప్తానండీ, ఉన్నదే కదా" అన్నాను నేను. అవును, అలాగే అన్నాను. మజ్జిగ తాగిన నోటితో.

జొన్నరొట్టె

ముత్తయ్యనని చెప్పిన ఆ మనిషి వీధిలో నా కోసం నిలబడి ఉన్నాడు. "మా ఇంటికి రాండ్రి పంతులూ, ఇంత దిని పోదురు" అన్నాడు. దారి పొడుగునా నాకంటే నాలుగడుగులు వెనక నడిచాడు. ఇంటి గడప దాటాక మాత్రం నిటారుగా నిలబడి, "నా పేరు ఎల్లయ్య. గీ గడప లోపటే గా పేరు. అవుతలికి పోతే ముత్తయ్యనే" అన్నాడు.

అతని భార్య రాజమ్మ జొన్నరొట్టె, ఉల్లిగడ్డ, కారం పెట్టింది. నేను మొదటి ముక్క తుంచానో లేదో, "మీరు పొలం గుంజుకోనీకి వచ్చిండ్రా?" అని అడిగింది. ఎల్లయ్య కసురుకున్నాడు. ఆమె వినలేదు. "ముగ్గురు పిల్లలు పంతులూ. ఇంకోటి లేదు మాకు." రొట్టె ముక్క నా చేతిలోనే ఉండిపోయింది.

ఎల్లయ్య చెప్పాడు. ఆ ఊళ్ళో దొర పొలం చేసే ప్రతివాడూ గడీకి, అంటే దొర కోటలాంటి ఇంటికి, ఎట్టి చెయ్యాలి. ఎట్టి అంటే కూలి లేని చాకిరీ, వంతులవారీగా. ముప్పై రెండేళ్ళ కింద దొర బిడ్డ అత్తగారింటికి పోతుంటే ఆమె సామాను మోసుకుంటూ కోదాడ దాకా పోయే వంతు మా నాన్నకు వచ్చింది.

"నాకా కాడ సందుగ దించి, నీళ్ళు దాగొస్తనని పోయిండు. ఇగ రాలే."

పారిపోయినవాడి పేరు పుస్తకంలో కొట్టేస్తే వాడి ఎట్టి వంతు కూడా పోతుంది. అందుకని కొట్టేయలేదు. గడీలో జీతానికున్న, తల్లీ తండ్రీ లేని పద్దెనిమిదేళ్ళ ఎల్లయ్యను పిలిచి, ఇవాళ్టి నుంచి నువ్వు ముత్తయ్యవన్నారు. "ఆయన పొలం, ఆయన వంతు, ఆయన తినవలసిన తిట్లు, అన్ని నాయే అయినయ్. నేనొక్కన్నే గాదు, ఈ ఊర్లె గిట్ల పోయినోళ్ళ పేర్లు మోసేటోళ్ళం నలుగురం ఉన్నం."

బండీ ఎడ్లూ చేతులు మారినట్టు మనిషి పేరు చేతులు మారుతుందని నేను కలలో కూడా అనుకోలేదు. నోరు తెరుచుకుని విన్నాను. తరువాత అడగవలసింది అడిగాను. "మరి మా తాత?"

ఎల్లయ్య భార్య వైపు చూశాడు. ఆమె తల వంచుకుంది.

"మూడు దినాలు గడీ ముంగట ఎండల వంగవెట్టిండ్రు. ఈపు మీద రాయి. కొడుకు యాడికి వోయిండో చెప్పుమని. ఆయనకేం ఎరుక? గప్పటిసంది నడుం లేవలే. నాలుగేండ్లు మంచంల ఉన్నడు. నేనే బువ్వ వెట్టిన. నేనే కొరివి వెట్టిన. ముత్తయ్యనైతిని గద, ఎవలు వెడతరు మరి?"

నేను ఆ రొట్టె తినలేకపోయాను. మా నాన్న మీద చెప్పలేనంత కోపం వచ్చింది. నీళ్ళు తాగొస్తానని వెళ్ళి, పెళ్ళి చేసుకుని, నన్ను కని, సాయంత్రాలు చుట్ట కాల్చుకుంటూ కూర్చున్నాడు. తన తండ్రి నాలుగేళ్ళు మంచంలో పడి ఉన్నాడు. అడిగితే నన్ను కొట్టేవాడు కదా, అది కోపం కాదని ఇప్పుడు తెలిసింది. కాసేపటికి ఆ కోపం నా మీదికి తిరిగింది. నాన్న ఈ మనిషికి తన బరువు వదిలిపోయాడు. నేను వచ్చి మిగిలిన మూడెకరాలూ ఊడగొట్టబోతున్నాను.

"నేను ఇప్పుడే వెళ్ళిపోతే?" అన్నాను.

"కాయిదం నకలు దీసిండు గద పంతులూ. అక్షరాలొచ్చినోళ్ళ మాట. మీరు లేకున్నా అదే మాట్లాడతది."

మిర్యాలగూడ కచేరి

మిర్యాలగూడకు వేరువేరుగా వెళ్ళాం. నేను సైదులు బండిలో, ఎల్లయ్య నడిచి. దారంతా సైదులుతో ఒక్క మాట మాట్లాడలేదు. "పంతులుకు నోరు వడిపోయింది" అన్నాడతను. ఊళ్ళో ఒక హోటల్లో ఉప్మా పెట్టించుకున్నాను, రెండణాలు, అదీ చల్లారిపోయింది. కచేరి ఆవరణలో వందమంది దాకా ఉన్నారు. కొందరు నాలుగు రోజుల నుంచి అక్కడే వండుకు తింటున్నారట, పిలుపు కోసం. ఆ నాలుగు రోజుల పని ఎవరు చేస్తారని అడిగాను. నవ్వారు.

తహసీల్దారు మన వైపు నుంచి వచ్చినవాడు. కొత్తగా వేశారు. నన్ను చూసి, "మీదెక్కడండీ మాస్టారూ? నందిగామ పక్కనా! కూర్చోండి, కూర్చోండి" అన్నాడు. ఇన్నాళ్ళ తరువాత మన యాస వినేసరికి ప్రాణం లేచి వచ్చింది. కుర్చీలో కూర్చున్నాను. ఎల్లయ్య గుమ్మం దగ్గర చేతులు కట్టుకుని నిలబడ్డాడు. పట్వారి చీటీ నకలు బల్లమీద పెట్టాడు.

"ఈ పొలం రికార్డులో ఉన్న ముత్తయ్య మీ తండ్రేనా?"

"మా నాన్న పేరూ ముత్తయ్యే అండి" అన్నాను. "కానీ మాది ఆ ఊరు కాదండి. అదే పేరుతో హాలియా దగ్గర ఇంకో ఊరుంది. నేను తెలియక ఇక్కడికి వచ్చాను."

పట్వారి లేచి నిలబడ్డాడు. "మూసీ దాటాలని చెప్పినవు గద పంతులూ!"

"హాలియాకు పోవాలన్నా మూసీ దాటాల్సిందే కదండీ."

"పుస్తకం సూసి ఏడ్సిండు సాబ్!"

"మా నాన్న పేరు చూసి ఏడ్చానండి. నిరుడే పోయాడు."

తహసీల్దారు నా వైపు జాలిగా చూశాడు. నన్ను నమ్మాడు. నాది తన యాస గనక, పంతుల్ని గనక నమ్మాడు. చీటీలో ఊరి పేరు ఒక్కటే ఉంది, రెండు ఊళ్ళకూ సరిపోతుంది. ఒక్క ప్రశ్న మిగిలింది.

"మీ నాన్నగారి తండ్రి పేరేమిటి?"

ఇంత దూరం వచ్చింది ఆ పేరు కోసం. అది నా నాలుక మీదే ఉంది. దాన్ని ఎప్పుడెప్పుడు నలుగురిలో చెబుదామా అని వచ్చాను. గుమ్మం దగ్గర ఎల్లయ్య నేల చూపులు చూస్తున్నాడు.

"రామయ్య" అన్నాను.

"ఇక్కడ లచ్చయ్య అని ఉంది."

"మాకు లచ్చయ్య అనేవాళ్ళు ఎవరూ లేరండి."

అది రాసి, కింద సంతకం పెట్టమన్నాడు. నా చేతిరాత మంచిదని బళ్ళో పేరు. ఆ సంతకం నేను చూసుకోలేదు. తరువాత ఎల్లయ్యను పిలిచి పేరడిగాడు. "ముత్తయ్య, దొరా. అయ్య లచ్చయ్య." లచ్చయ్య ఉన్నాడా అని అడిగాడు. "లేడు దొరా. కొరివి నేనే వెట్టిన" అన్నాడు ఎల్లయ్య. ఆ గదిలో అతను అబద్ధం లేకుండా చెప్పిన మాట అదొక్కటే.

బయట పట్వారి నన్ను దాటుకుంటూ పోయి, ఉమ్మేసి వెళ్ళాడు. చాలాసేపటికి ఎల్లయ్య వచ్చి, కొంచెం ఎడంగా, నా వైపు చూడకుండా కూర్చున్నాడు.

"మీ నాయన ఎసొంటోడు?" అని అడిగాడు. "ముప్పై రెండేండ్లు ఆయనకు బయపడ్డ. ఏరు దాటి ఎవలు కొత్తోళ్ళొచ్చినా ఆయనే వచ్చిండనుకునేది. కల్లకొచ్చేది. ఎన్నడూ సూడలేదు మంచిగ."

పొడుగాటి మనిషని, వరినాట్ల కాలంలో పాడేవాడని, ఎవరి సామానూ ఏనాడూ మొయ్యలేదని చెప్పాను. సంతలో మా అమ్మ సంచి కూడా మోసేవాడు కాదు. ఎల్లయ్య తలూపాడు. లేచి గొంగడి భుజాన వేసుకున్నాడు.

"మల్ల రాకు బిడ్డా" అన్నాడు. వచ్చినప్పటి నుంచి పంతులూ అన్నవాడు అప్పుడొక్కసారే బిడ్డా అన్నాడు.

అమ్మ ముందు

నాకా దగ్గర ఈసారి ఎవరూ నా సంచి వెతకలేదు. ఇంటికి చేరి, కాళ్ళు కడుక్కోకముందే "లచ్చయ్య అమ్మా" అన్నాను. మామగారి పేరు కోడలు పైకి పలకకూడదు. అమ్మ పలికింది. మూడుసార్లు పలికి చూసుకుంది.

ఆ తరువాత మిగిలిందంతా చెప్పాను. ఎండలో వంగబెట్టిన సంగతి చెప్పకుండా ఉండాల్సిందేమో, అదీ చెప్పేశాను. సంతకం సంగతి వచ్చేసరికి అమ్మ చేతిలో పని ఆగింది.

"అంటే మీ నాన్న ఆ ఇంటివాడు కాదని రాసిచ్చి వచ్చావా?"

"అవునమ్మా."

కొంగుతో ముఖం తుడుచుకుంది. "మంచి చేశావో చెడు చేశావో నాకు తెలియదు. మీ నాన్నయితే నీళ్ళు తాగొస్తానని వెళ్ళిపోయేవాడు" అంది.

విచారణ ఏమైందో నాకు తెలియదు. ఉత్తరం రాసి కనుక్కోలేను. మాకు ఆ ఊరితో సంబంధం లేదని సర్కారు కాగితంలో నా సంతకం ఉంది. అక్కడి సంగతులు ఎవరైనా చెప్పుకోవాలని ఇది రాశాను, రాసేటప్పుడు మాత్రం జాగ్రత్తపడ్డాను. ముత్తయ్య, లచ్చయ్య, ఎల్లయ్య, ఇవేవీ అసలు పేర్లు కావు. నా పేరు కూడా వెయ్యవద్దని అచ్చు వేసేవారికి చెప్పాను. మా నాన్న పేరు ఒక్కసారి అచ్చులో చూసుకోవాలని నాకు లేక కాదు. ఆ పేరు ఇప్పుడు మూసీ అవతల మూడెకరాలు దున్నుతోంది.